ముందు వంచాలి, తర్వాత మోపాలి: మోకాలి కీలులో ఎముక విరిగినప్పుడు అపోహలు - వాస్తవాలు

బైకు పక్కకు ఒరిగి కాలు కింద పడినప్పుడు, కారు బంపరు పక్కనుంచి మోకాలికి తగిలినప్పుడు చాలాసార్లు విరిగేది టిబియా (ముంగాలి పెద్ద ఎముక) పైకొన. తొడ ఎముక వచ్చి కూర్చునే పీట అదే. డాక్టర్లు టిబియల్ ప్లేటో అంటారు. ఇక్కడ విరిగితే చాలాసార్లు ఎముక చీలడంతో పోదు. పైనున్న నున్నటి పొరతో సహా ఒక ముక్క కింది మెత్తటి ఎముకలోకి దిగబడుతుంది, ఆరని గచ్చు మీద మడమ దిగినట్టు. 1979లో టొరంటో సర్జన్ జోసెఫ్ షాట్జ్‌కర్ వీటిని ఆరు రకాలు చేశాడు. కేస్ షీట్‌లో కనిపించే అంకె అదే. ఒకటి నుంచి మూడు దాకా బయటివైపు దెబ్బలు, నాలుగు లోపలివైపు, ఐదు, ఆరు రెండువైపులా.

"ఎక్స్‌రే తీశారుగా, మళ్లీ సీటీ ఎందుకు? బిల్లుకే."

ఎక్స్‌రేలో ముందు ముక్క, వెనక ముక్క ఒకదానిమీద ఒకటి పడి కనిపిస్తాయి. గుంట ఎంత లోతో, వెనకవైపు విడి ముక్క ఉందో లేదో సీటీలోనే తేలుతుంది. కోత ఎక్కడ పెట్టాలో, ప్లేటు ఒకటా రెండా అన్నది దాన్నిబట్టే. వెనక ముక్కను చూడకుండా ముందునుంచి ఒకే ప్లేటు వేస్తే, ఆ ముక్క కిందికి జారి కాలు వంకరపోవచ్చు.

"ఆలస్యమైతే ఎముక తప్పుగా అతుక్కుంటుంది, చేరిన రోజే ఆపరేషన్ చేసేయాలి."

బంధువులకూ డాక్టర్లకూ ఎక్కువ గొడవ వచ్చేది ఇక్కడే. మోకాలి కింద లోపలివైపు ఎముకకూ చర్మానికీ మధ్య కండ ఉండదు. పెద్ద దెబ్బకు ఆ చర్మం ఉబ్బి, మెరిసి, నీటి పొక్కులు లేస్తాయి. రక్తం నిండిన పొక్కులైతే దెబ్బ ఇంకా లోతన్నమాట. ఆ చర్మాన్ని కోస్తే కుట్టు దగ్గరికి రాదు, అంచులు నల్లబడతాయి, ప్లేటు బయటపడుతుంది, చీము ఎముకదాకా వెళుతుంది. అందుకే వాపు తీసి చర్మంమీద ముడతలు కనపడేదాకా ఆగుతారు. మామూలుగా 7 నుంచి 14 రోజులు. మూడు వారాలు దాటితే మాత్రం ముక్కలు ఉన్నచోటే పట్టుకోవడం మొదలుపెడతాయి, విడదీయడం కష్టం.

ఆగడమంటే ఊరికే పడుకోబెట్టడం కాదు. ఐదు, ఆరు రకాల్లో కాలు కురచ కాకుండా బయట కడ్డీల చట్రం బిగిస్తారు: తొడలో రెండు పిన్నులు, ముంగాలిలో రెండు, రేపు ప్లేటు వచ్చే చోటికి దూరంగా. సీటీ ఆ తర్వాత తీస్తేనే మేలు. లాగి పట్టిన ముక్కలు విడివిడిగా కనిపిస్తాయి.

ఆగకూడనివి మూడు: చర్మం చీరి ఎముక బయటపడటం, మోకాలి వెనక రక్తనాళం తెగడం, పిక్కలో ఒత్తిడి పెరగడం. మూడోదాన్ని ఇంట్లోవాళ్లు కూడా పసిగట్టగలరు. ముంగాలి కండలు నాలుగు బిగుతు సంచుల్లో ఉంటాయి. లోపల రక్తం, వాపు పెరిగితే కండకు రక్తం అందదు. ఇంజెక్షన్ ఇచ్చినా తగ్గని నొప్పి, కాలివేళ్లను మెల్లగా పైకి వంచితే పేషెంటు కేక పెట్టడం దీని గుర్తులు. పాదంలో నాడి కొట్టుకుంటోంది కాబట్టి ఫర్వాలేదనుకోవడం పెద్ద తప్పు. నాడి చివరిదాకా కొట్టుకుంటూనే ఉండొచ్చు. కట్లన్నీ వెంటనే విప్పి, కాలిని గుండె ఎత్తులోనే ఉంచాలి, దిండ్లు పేర్చి ఎత్తకూడదు. ఆరు గంటలు దాటితే కండ చచ్చిపోవడం మొదలవుతుంది. సంచులు తెరిచే ఆపరేషన్ ఆలోపే జరగాలి.

"నాటు కట్టుతో పోయేదానికి కోతెందుకు?"

పుత్తూరు కట్టుతో అతికిన ఎముకలు అందరికీ తెలుసు. ఎముకకు అతుక్కునే గుణం సహజంగానే ఉంది, కదలనివ్వకపోతే చాలు. కానీ కీలులో అతకడం ఒక్కటే చాలదు, ఉపరితలం సమంగా ఉండాలి. దిగబడిన ముక్కను ఏ కట్టూ, పిండికట్టు సహా, పైకి లేపలేదు. చీలిక కదలకుండా, గుంట లేకుండా, కీలు పక్కలకు ఊగకుండా ఉంటే ఆపరేషన్ లేకుండా బ్రేస్‌తో నయమయ్యేవీ ఉన్నాయి. అది సీటీ చూసి తేల్చాలి. వాపు మీద వెదురుబద్దలు బిగించి కట్టడం మాత్రం ఏ రకానికీ పనికిరాదు. కారణం పైన చెప్పిందే.

"లోపల రాడ్డు వేశారు, ఇక నడవొచ్చు." "కుట్లు ఆరేదాకా కాలు కదపొద్దు."

ఒకే వార్డులో రెండూ వినిపిస్తాయి, రెండూ తలకిందులు. వేసేది రాడ్డు కాదు, ప్లేటు. ఎముకకు చిన్న కిటికీ తెరిచి, దిగబడిన ముక్కను కిందనుంచి మొద్దు కడ్డీతో తట్టి పైకి లేపుతారు. కింద మిగిలిన ఖాళీని తుంటి ఎముక ముక్కలతోనో, కాల్షియం ఫాస్ఫేట్‌తోనో నింపుతారు. కీలుకు కొంచెం కింద 3.5 మిల్లీమీటర్ల స్క్రూలను వాసాలు పరిచినట్టు వరసగా దించి, పక్కన ప్లేటు ఆనిస్తారు. బయటివైపు మెనిస్కస్ (రెండు ఎముకల మధ్య మెత్తలాంటి పొర) చిరిగితే అదే కోతలో కుడతారు. లేపిన ముక్క ఇప్పుడు ఆ వాసాల మీదా, పచ్చి పూరకం మీదా నిలబడి ఉంది. ఒంటి బరువు మోపితే మళ్లీ దిగబడుతుంది. అందుకే చిన్న చీలికలకు 6 నుంచి 8 వారాలు, రెండువైపుల దెబ్బకు 10 నుంచి 12 వారాలు వాకర్.

వంచడం మాత్రం ఒకటి రెండు రోజుల్లోనే మొదలవ్వాలి. కీలు నున్నటి పొరకు రక్తనాళాలు లేవు, కదిలినప్పుడు అందే కీలు ద్రవమే దానికి తిండి. నాలుగు వారాలకు 90 డిగ్రీలు మంచి లక్ష్యం. 6 నుంచి 8 వారాలైనా రాకపోతే సర్జన్‌కు చెప్పాలి, ఊరుకుంటే కీలు లోపల పట్టేసిన పొరలు ముదురుతాయి. ఇంట్లో అందరూ ప్రేమగా చేసే తప్పు మోకాలి కింద దిండు పెట్టడం. హాయిగానే ఉంటుంది, కానీ మోకాలు వంగి బిగుసుకుపోతుంది. పెట్టేదేదో మడమ కింద పెట్టాలి. సర్జన్ ఒప్పుకునేదాకా గొంతుకూర్చోవడం, బాసింపట్టు వద్దు. కమోడ్ ఏర్పాటు ఇంటికి రాకముందే చూసుకోవాలి.

"పప్పు తింటే చీము పడుతుంది."

పడదు. పప్పు, గుడ్డు, పెరుగు, చేప ఆపేసి చారన్నంతో పత్యం పెడితే పుండు మానదు. కిలో బరువుకు రోజుకు గ్రాము నుంచి గ్రామున్నర ప్రొటీన్ కావాలి (కిడ్నీ జబ్బుంటే డాక్టర్‌ను అడిగి). చీముకు నిజమైన స్నేహితులు అదుపులేని షుగరు, బీడీ, సిగరెట్టు. వీటిని ఆపమని బంధువులెవరూ పట్టుబట్టరు, అదేంటో!

"ఎలాగూ మోకాలు మార్చాల్సిందే."

కెనడాలోని ఒంటారియోలో ఇలాంటి ఆపరేషన్ అయిన వేలమందిని గమనిస్తే, పదేళ్లలో కీలు మార్పిడి అవసరమైంది 7.3 శాతానికి, దెబ్బ తగలనివాళ్లలో 1.8 శాతానికి. ముప్పు పెరిగిన మాట నిజం, కానీ ఎక్కువమంది సొంత మోకాలితోనే ఉన్నారు. కీలు ఉపరితలంలో ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తుపల్లాన్ని మోకాలు తట్టుకోవచ్చు గానీ, కాలు వంకర పోవడాన్ని, కీలు ఊగడాన్ని తట్టుకోలేదు.

"అతికాక ప్లేటు తీయకపోతే తుప్పు పడుతుంది."

వాడేది టైటానియం లేదా సర్జికల్ స్టీలు. ఇబ్బంది లేకపోతే జీవితాంతం ఉంచుకోవచ్చు. చర్మం కింద గుచ్చుకుంటూ ఉంటే తీయిస్తారు, అదీ ఏడాది, ఏడాదిన్నర నిండాకే. తీశాక స్క్రూ రంధ్రాలు పూడేదాకా ఆ ఎముక బలహీనం. కొన్ని నెలలు పరుగులు, కబడ్డీ వద్దు.