మసాయి మరా సఫారీ: అపోహలు - వాస్తవాలు

నైరోబీలో ఉంటూ సఫారీలు ఏర్పాటు చేయడం నా వృత్తి. హైదరాబాద్, విజయవాడల నుంచి ఫోన్ చేసేవాళ్లు ముందుగా అడిగేది నది దాటే మందల గురించే. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: జూలైలో వస్తే వైల్డ్‌బీస్ట్‌లు (ఎద్దులా కనిపించే ఒక రకం జింకలు) మరా నది దాటడం ఖాయంగా చూడవచ్చు.

వాస్తవం: ఖాయమని ఎవరైనా చెబితే వాళ్లకు అడ్వాన్స్ ఇవ్వకండి. పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు, వాటితోపాటు జీబ్రాలు, పచ్చిక కోసం టాంజానియాలోని సెరెంగెటి మైదానాలకూ కెన్యాలోని మరా రిజర్వుకూ మధ్య ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటాయి. మరా వైపు ఉండేది సాధారణంగా జూలై నుంచి అక్టోబరు దాకా. వానలను బట్టి అది కూడా అటూ ఇటూ అవుతుంది.

వచ్చినా వెంటనే దాటవు. మంద గట్టు మీద గుమిగూడుతుంది. ముందున్నది నీటి అంచు దాకా దిగి, కాసేపు నిలబడి, ఉన్నట్టుండి వెనక్కి తిరుగుతుంది. దాంతో మందంతా దుమ్ము రేపుకుంటూ గట్టెక్కేస్తుంది. పొద్దున్నుంచి ఇలాగే సాగి, మధ్యాహ్నానికి దాటకుండానే మేతకు వెళ్లిపోవడం మామూలే. దిగే దారికి అడ్డంగా బండ్లు నిలిపితే ఇంకా బెదురుతాయి. అందుకే అనుభవమున్న డ్రైవరు బండిని దూరంగా ఆపుతాడు. అతన్ని ముందుకు పోనివ్వమని తొందరపెట్టేది మనవాళ్లే.

చాలామంది అనుకున్నట్టు ఇక్కడ చావులన్నీ మొసళ్ల వల్ల కావు. తొక్కిసలాటలోనూ ఉద్ధృతమైన ప్రవాహంలోనూ ఏటా సగటున 6 వేలకు పైగా మునిగి చనిపోతాయని పరిశోధకుల లెక్క. ఆ కళేబరాల్లో మొసళ్లు తినేది కొద్ది భాగమే. రాబందులకు, చేపలకు కూడా అదే తిండి.

అపోహ: మిగతా నెలల్లో మరాలో చూడటానికేమీ ఉండదు.

వాస్తవం: సింహాలు, ఏనుగులు, జిరాఫీలు, చీతాలు అక్కడే ఉంటాయి. నన్నడిగితే జనవరి, ఫిబ్రవరే మేలంటాను. బండ్ల రద్దీ తక్కువ, ఖర్చూ తక్కువ. 2024లో సవరించిన ప్రవేశ రుసుము విదేశీ పెద్దలకు రోజుకు జూన్ దాకా 100 డాలర్లు, జూలై నుంచి 200. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పెద్ద వానలు. మరాలో చాలా చోట్ల ఉన్నది నల్లరేగడి. తడిసిన నల్లరేగడిలో బండి దిగబడితే ఏమవుతుందో కర్నూలు, ఆదిలాబాద్ వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

అపోహ: తెరిచి ఉన్న బండిలోకి సింహం దూకుతుంది.

వాస్తవం: రోజూ బండ్లను చూసే సింహాలు బండినీ అందులోని మనుషులనూ కలిపి ఒకే వస్తువుగా చూస్తాయి. ఎత్తిన పైకప్పు కింద నిలబడి ఫోటోలు తీసుకోండి, కానీ కాలు కింద పెట్టకండి. నేను ఎక్కువ జాగ్రత్త చెప్పేది సింహం గురించి కాదు, రాత్రి క్యాంపు గురించి. చాలా క్యాంపులకు కంచె ఉండదు. చీకటి పడ్డాక హిప్పోలు గుడారాల మధ్యకే మేతకు వస్తాయి. భోజనానికి వెళ్లాలన్నా గుడారం తలుపు దగ్గర నుంచి టార్చి ఊపి, కాపలాదారు వచ్చాకే కదలాలి.

అపోహ: సింహం వేటాడుతుంది, హైనా ఎంగిలి తింటుంది.

వాస్తవం: హైనాలు తమ తిండిలో ఎక్కువ భాగం తామే వేటాడుకుంటాయి. వాటి వేటను సింహాలు లాక్కోవడం కూడా తరచూ జరిగేదే.

అపోహ: డ్రైవరు చేతిలో నాలుగు డబ్బులు పెడితే బాట దిగి గడ్డిలోకి తీసుకెళతాడు.

వాస్తవం: రిజర్వులో బాట దిగితే జరిమానా పడుతుంది, అతని ఉద్యోగానికీ ఎసరు. ఒక జంతువు చుట్టూ అయిదు బండ్లకు మించి ఉండకూడదన్నది నియమం. మీ వంతు కోసం ఆగాల్సిందే. దగ్గరగా చూడాలని అంత పట్టుదల ఉంటే రిజర్వును ఆనుకుని స్థానిక పశుపాలకులైన మసాయిల భూముల్లో ఉన్న కన్సర్వెన్సీల్లో (ప్రైవేటు రక్షిత ప్రాంతాల్లో) బస చేయండి. అక్కడ బాట దిగనిస్తారు, రాత్రి సఫారీ కూడా ఉంటుంది.

అపోహ: ఆఫ్రికా కదా, ఎండలు మండిపోతాయి.

వాస్తవం: మరా దాదాపు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది. జూలై తెల్లవారుజామున స్వెట్టరు లేకపోతే వణుకే.

అపోహ: శాకాహారులు పస్తులుండాలి.

వాస్తవం: చపాతీ, పెసల కూర కెన్యా వాళ్ల ఇళ్లలోనే వండుకుంటారు. ముందే చెబితే క్యాంపుల్లో ఏ ఇబ్బందీ ఉండదు.

అపోహ: ఎల్లో ఫీవర్ టీకా కెన్యాలో ఎవరూ అడగరు, అనవసరం.

వాస్తవం: అడిగేది తిరుగు ప్రయాణంలో, మన విమానాశ్రయంలో. సర్టిఫికెట్ లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు గుర్తింపు పొందిన కేంద్రంలో వేయించుకోండి, సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. దాన్ని పెద్ద పెట్టెలో సర్దకుండా పాస్‌పోర్టుతో పాటు చేతి సంచిలో పెట్టుకోండి.