సాయంత్రపు ఆటలు, టీనేజీ పిల్లలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎనిమిదో తరగతి దాటితే పిల్లలకు బద్ధకం పెరుగుతుంది, ఫోను చేతికి వచ్చాక ఆటలంటే ఇష్టం పోతుంది.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 146 దేశాల్లో 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మంది రోజుకు గంటసేపైనా ఒళ్లు అలిసేలా కదలడం లేదు. ఇంతమందికీ బద్ధకమే కారణమని తేల్చేసే ముందు, మనం వాళ్లతో ఎలా ఆడిస్తున్నామో చూడాలి. ఆరో తరగతిలో బెల్లు కొట్టగానే గ్రౌండులోకి పరుగెత్తిన పిల్లవాడే తొమ్మిదికి వచ్చేసరికి బ్యాగు తగిలించుకుని గేటు వైపు నడుస్తున్నాడంటే, వ్యాయామ ఉపాధ్యాయుడిగా నేను గమనించినంతలో, మధ్యలో జరిగింది చాలావరకు సెలక్షనే. కబడ్డీకి 12 మందిని తీసుకున్నాక మిగిలినవాళ్లకు గీత బయట నిలబడి చప్పట్లు కొట్టడమే పని. ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరినీ కోరుకుంటూ జట్లు పంచుకునేటప్పుడు చివరికి మిగిలిన కుర్రవాడు, "వీణ్ణి నువ్వే తీసుకో" అని వాళ్లు వాదులాడుకుంటూ ఉంటే, బొటనవేలితో మట్టిలో గీతలు గీస్తూ నిలబడతాడు. మర్నాటి నుంచి అతనికి సాయంత్రం ట్యూషన్ ఉంటుంది.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పిన ప్రకారం, ఎవరి బలవంతమూ లేకుండా మనిషి ఒక పనిలో నిలవాలంటే అది తాను ఎంచుకున్నదై ఉండాలి, అందులో తనకు పట్టు చిక్కుతోందని తెలియాలి, తోటివారు తనను కలుపుకోవాలి. గ్రౌండులో ఇవేమీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. కోర్టును రెండుగా చేసి ముగ్గురేసి చొప్పున ఆడిస్తే అందరి చేతికీ బంతి అందుతుంది. జట్లను ఉపాధ్యాయుడే విడదీస్తే చివరికి మిగిలేవాడు ఉండడు.

అపోహ: అండర్-14లో రాణించనివాడికి ఇక ఆట రాదు.

వాస్తవం: ఆ వయసులో ఒకే తరగతి పిల్లల శరీర ఎదుగుదలలో రెండు మూడేళ్ల తేడా ఉండవచ్చు. ముందుగా మీసాలు వచ్చినవాడు గెలవడాన్ని మనం ప్రతిభ అనుకుంటాం.

అపోహ: ఆడపిల్లలకు ఆటల మీద ఆసక్తి ఉండదు.

వాస్తవం: పై అధ్యయనంలో తగినంత కదలిక లేని అమ్మాయిలు 85 శాతం, అబ్బాయిలు 78 శాతం. ఈ తేడాకు కారణాన్ని ఆసక్తిలో వెతకడం కన్నా, చున్నీ నడుముకు బిగించి కట్టుకుని ఖోఖో ఆడుతున్న అమ్మాయిని ఒకసారి చూడటం మేలు: పరుగెత్తే ప్రతిసారీ ఆమె చేయి ముందు చున్నీ మీదికే వెళుతుంది. ట్రాక్ ప్యాంటు వేసుకోనివ్వడం, బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది ఇవ్వడం, చీకటి పడకముందే ఒకే వీధివాళ్లను కలిపి ఇంటికి పంపడం, నెలసరి రోజుల్లో ఆడాలో కూర్చోవాలో తననే తేల్చుకోనివ్వడం చేశాక కూడా రానివారి ఆసక్తి గురించి అప్పుడు మాట్లాడవచ్చు. నెలసరిలో ఆడితే హాని జరుగుతుందన్న భయానికి ఆధారం లేదు.

అపోహ: పదో తరగతిలో ఆటలు మాన్పిస్తేనే మార్కులు వస్తాయి.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన రోజుకు సగటున 60 నిమిషాల కదలికలో పబ్లిక్ పరీక్షల ఏడాదికి మినహాయింపు లేదు. ప్రత్యేక తరగతులు మొదలయ్యే ముందు 20 నిమిషాలు వాలీబాల్‌కు వదిలినా అలవాటు తెగదు. పూర్తిగా మానేసినవాళ్లను ఇంటర్‌లో మళ్లీ గ్రౌండుకు రప్పించడం చాలా కష్టం, ఎందుకంటే అనేక కళాశాలల్లో అసలు గ్రౌండే ఉండదు.