రోజూ 200 కిలోమీటర్లు తిరిగేవాళ్ళకి కంపెనీ బండి: అపోహలు - వాస్తవాలు

మాది మెడికల్ ఎక్విప్‌మెంట్ సర్వీస్ కంపెనీ అండీ, విజయవాడ ఆఫీసు. ఎక్కడో హాస్పిటల్లో ఎక్స్‌రే మిషన్ ఆగినా, డయాలసిస్ మిషన్ మొరాయించినా మా కుర్రాళ్ళు బండేసుకుని వెళ్ళాలి, ఇవాళ భీమవరం, రేపు ఒంగోలు, ఎల్లుండి ఖమ్మం. తొమ్మిదేళ్ళు నేనూ అలా తిరిగినవాడినే. తర్వాత ఎనిమిదేళ్ళుగా బండ్లు కొనడం, రిపేర్లు, ఇన్సూరెన్సు అన్నీ నా నెత్తినే ఉన్నాయి, మొత్తం 38 బండ్లు, ఒక్కోటి నెలకి నాలుగైదు వేల కిలోమీటర్లు తిరుగుతుంది.

ఈ పోస్ట్ ఎందుకంటే, కంపెనీల్లో బండి కొనేవాళ్ళు నడపరు, నడిపేవాళ్ళని ఎవరూ అడగరు. ఓసారి మా ఫైనాన్సు వాళ్ళూ అడ్మిన్ వాళ్ళూ కలిసి షోరూమ్‌కి వెళ్ళి, బెంజ్ సర్కిల్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టి, ఏసీ చల్లగా ఉంది, సీట్లు మెత్తగా ఉన్నాయి అని ఆరు బండ్లు ఒకేసారి బుక్ చేసొచ్చారు. నాలుగు నెలలు తిరక్కుండానే ఆ ఆరుగురిలో ముగ్గురు నడుం పట్టుకుని నా టేబుల్ ముందు నిలబడ్డారు. అందుకని ముందు ఆ మెత్తని సీటు సంగతే.

అపోహ: సీటు ఎంత మెత్తగా ఉంటే అంత సుఖం.

కాదండీ. సోఫా లాంటి సీటు మొదటి పది నిమిషాలు బాగుంటుంది, షోరూమ్ వాడికి కావాల్సిందీ ఆ పది నిమిషాలే. రెండు గంటలు దాటేసరికి నడుం కిందకి జారిపోయి వెన్నెముక వంగిపోతుంది, దాని మీద రోడ్డు కుదుపులు. ఎక్కువసేపు కదలకుండా కూర్చోవడం, బండి వైబ్రేషను, ఈ రెండూ కలిస్తే నడుంనొప్పి వచ్చే అవకాశం పెరుగుతుందని డాక్టర్లూ చెప్తారు. సీటు కాస్త గట్టిగా ఉండి, నడుం వంపు దగ్గర దన్ను ఉండాలి, తొడల కింద మోకాలి దగ్గరదాకా సపోర్ట్ రావాలి. చాలా చిన్న కార్లలో సీటు పొట్టిగా ఉండి సగం తొడ గాల్లోనే ఉంటుంది, కొనేటప్పుడు ఎవరూ చూడరు.

ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. డ్రైవర్ సీటు పైకీ కిందకీ అవుతుందా, స్టీరింగ్ పైకీ కిందకే కాకుండా ముందుకీ వెనక్కీ కూడా వస్తుందా (చాలా బండ్లలో రాదు, పొడుగు కాళ్ళవాడు సీటు వెనక్కి జరిపితే చేతులు చాచి నడపాల్సిందే), క్లచ్ పక్కన ఎడమ కాలు ఆనించుకోడానికి చోటుందా. హైవే మీద మూడు గంటలు ఎడమ కాలికి పనుండదు, అది ఆనించడానికి చోటు లేకపోతే తుంటి దగ్గర పట్టేస్తుంది. మా వాళ్ళల్లో ఆరడుగులవాడు ఉన్నాడు, ఐదడుగుల రెండంగుళాలవాడు ఉన్నాడు, ఇప్పుడు ఏ బండి కొన్నా ఇద్దర్నీ కూర్చోబెట్టి చూస్తాను. టెస్ట్ డ్రైవ్ బెంజ్ సర్కిల్ కాదు, కనీసం ఏలూరు వెళ్ళి రావాలి, అదీ మధ్యాహ్నం ఎండలో. షోరూమ్ వాళ్ళు మొహం మాడ్చుకుంటారు, ఆరు బండ్లు కొంటాం అంటే మాత్రం ఇస్తారు.

ఇంకోటి, వెనక జేబులో పర్సు పెట్టుకుని నడిపేవాళ్ళు దయచేసి తీసి డాష్‌బోర్డులో పడేయండి. దానికి కంపెనీ పర్మిషన్ అక్కర్లేదు.

అపోహ: లాంగ్ తిరిగేవాళ్ళకి డీజిల్ తప్ప ఇంకోటి వేస్ట్. దీనికి ఎదురు అపోహ: డీజిల్ పని అయిపోయింది, పదేళ్ళకి స్క్రాపే.

రెండోదాన్ని ముందు తేల్చేద్దాం. పదేళ్ళ డీజిల్ రూల్ ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది, మనకి కాదు. మన దగ్గర సొంత రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, తర్వాత ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవచ్చు.

ఇక లెక్క. లీటరు పెట్రోల్ 107, డీజిల్ 95 అనుకోండి. ఒకే సైజు బండి, నిజంగా రోడ్డు మీద లీటరుకి పెట్రోల్ 15 కిలోమీటర్లు ఇస్తుంది, డీజిల్ 18 ఇస్తుంది అనుకుందాం. నెలకి 5000 కిలోమీటర్లు తిరిగితే పెట్రోల్ బండికి 35,600 దాకా, డీజిల్‌కి 26,400 అవుతుంది, అంటే నెలకి తొమ్మిది వేల పైచిలుకు తేడా. డీజిల్ మోడల్ లక్షన్నర ఎక్కువైనా ఏడాదిన్నర లోపే వచ్చేస్తుంది. అదే బండి నెలకి 1000 తిరిగితే ఆ లక్షన్నర తిరిగి రాడానికి ఆరేళ్ళ పైన పడుతుంది. కాబట్టి ముందు అడగాల్సింది నెలకి ఎన్ని కిలోమీటర్లు, ఎలాంటి రోడ్డు మీద అని.

ఎలాంటి రోడ్డు అనేది ఎందుకన్నానంటే, 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక డీజిల్ బండ్ల సైలెన్సర్ లైన్‌లో మసి పట్టే ఫిల్టర్ ఉంటోంది, డీపీఎఫ్ అంటారు. అందులో పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా వేడిగా, ఒక స్పీడులో పోవాలి. నేను చేసిన తప్పు చెప్తాను. విజయవాడ సిటీలోనే తిరిగే కుర్రాడికి డీజిల్ బండి ఇచ్చాను, గవర్నర్‌పేట నుంచి పటమట, పటమట నుంచి బెంజ్ సర్కిల్, రోజంతా అంతే. ఏడాదిలో మూడుసార్లు డీపీఎఫ్ లైట్ వెలిగింది, మూడుసార్లూ సర్వీస్ సెంటర్‌లో పెట్టాం. చివరికి ఆ బండి వైజాగ్ రూట్ వాడికిచ్చి, ఇతనికి పెట్రోల్ ఇచ్చాను. ఆ లైట్ మళ్ళీ వెలగలేదు. కొన్ని డీజిల్ బండ్లకి యాడ్‌బ్లూ (పొగని శుభ్రం చేసే ద్రవం) కూడా పోయాలి, అది పూర్తిగా అయిపోతే బండి మళ్ళీ స్టార్ట్ అవ్వదు, కొత్తవాళ్ళకి ఈ విషయం తాళం ఇచ్చేటప్పుడే చెప్పాలి.

అపోహ: సీఎన్‌జీ పెట్టించేస్తే ఖర్చు సగం.

కిలోమీటర్ ఖర్చు తగ్గుతుంది, కాదనను. కానీ సిలిండర్‌లో పట్టేది ఎనిమిది తొమ్మిది కిలోలు, హైవేలో రెండొందలు, రెండొందల పాతిక కిలోమీటర్లు, విజయవాడ నుంచి వైజాగే మూడొందల యాభై. బంకు దగ్గర క్యూ వేరే. మా వాళ్ళకి అసలు కష్టం డిక్కీ, టూల్ కిట్టు, స్పేర్ బోర్డులు, ఒక్కోసారి పంపు, ఇవన్నీ సిలిండర్ పక్కన ఎక్కడ పెడతారు? జంట సిలిండర్లు కిందకి సర్దిన మోడల్స్ వచ్చాక కాస్త నయం. సిలిండర్‌కి మూడేళ్ళకోసారి హైడ్రో టెస్ట్ (నీళ్ళ ఒత్తిడితో చేసే పరీక్ష) తప్పనిసరి, మర్చిపోకండి. బయట షాపులో కిట్ వేయించారా, కంపెనీ వారంటీ గురించి ఇక మాట్లాడక్కర్లేదు.

అపోహ: మైలేజ్ అంటే బ్రోచర్‌లో రాసిందే.

ఆ నంబరు ల్యాబ్‌లో వచ్చేది. ట్యాంక్ ఫుల్ చేసి, మళ్ళీ ఫుల్ చేసేటప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూడటమే లెక్క. ఇంకా ఆ కుర్రాడు ఏ స్పీడులో పోతున్నాడు అనేదే పెద్ద తేడా తెస్తుంది, గాలి ఎదురు తోసే బలం స్పీడు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 85లో పోయేవాడికీ 115లో పోయేవాడికీ ఒకే బండిలో లీటరుకి మూడు నాలుగు కిలోమీటర్ల తేడా నేను నా షీట్‌లోనే చూశాను. నాలుగు లైన్ల డివైడెడ్ హైవే మీద కార్లకి పైపరిమితే 100, అది వేరే మాట.

అపోహ: మూడేళ్ళ వారంటీ ఉంది కదా, భయమేముంది.

ఇది మాత్రం ప్రతి కంపెనీలోనూ బోల్తా కొట్టించేదే. వారంటీ కాగితం మీద చిన్న అక్షరాల్లో "ఏది ముందైతే అది" అని ఉంటుంది. మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు అంటే, నెలకి 4500 తిరిగే బండికి 22 నెలల్లో లక్ష అయిపోతుంది. మీ వారంటీ మూడేళ్ళు కాదు, రెండేళ్ళు కూడా కాదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనేటప్పుడు కూడా ఏళ్ళు చూడకండి, కిలోమీటర్లు చూడండి. పదివేలకో సర్వీస్ అంటే మనకి ఏడాదికి ఐదారు సర్వీసులు, ఒక్కో సర్వీస్‌కి ఒక రోజు పోయినా ఆ రోజు ఆ ఇంజనీర్ ఇంట్లోనే.

అందుకే నమ్మకమైన బండి అంటే నా దృష్టిలో ఎప్పుడూ పాడవ్వని బండి కాదు. పాడైతే ఎంత దూరంలో బాగవుతుంది, పార్టు ఎన్ని రోజుల్లో వస్తుంది అనేదే. కొన్నేళ్ళ కిందట ఒక బండి బాగా పేరున్నదని తీసుకున్నాం, నడిపితే నిజంగా వెన్నలా పోయేది, హెడ్‌లైట్ అసెంబ్లీ ఒకటి పగిలితే 23 రోజులు పట్టింది. ఆ 23 రోజులూ అద్దె కారు కట్టాం. అప్పట్నుంచి బండి కొనేముందు మా రూట్ ఊళ్ళ పేర్లు రాసుకుని, ఆ బ్రాండు సర్వీస్ సెంటర్ ఎక్కడెక్కడ ఉందో టిక్ పెట్టుకుంటాను. భీమవరంలోనో ఒంగోల్లోనో లేకపోతే, బండి ఎంత గొప్పదైనా మాకొద్దు.

అపోహ: ఆటోమేటిక్ అంటే బద్ధకస్తులకి, పైగా పెట్రోల్ తాగేస్తుంది.

సిటీలో వారధి దగ్గర సాయంత్రం ట్రాఫిక్‌లో రెండు గంటలు క్లచ్ తొక్కి చూడండి, ఎడమ మోకాలు చెప్తుంది. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్చూ గేర్లూ బండే చూసుకుంటుంది) మైలేజ్ మాన్యువల్‌కి దగ్గర్లోనే ఉంటుంది, గేరు మారేటప్పుడు తల ఊపుతుంది అంతే. టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ద్రవంతో నడిచే పాత తరహా ఆటోమేటిక్) కాస్త ఎక్కువ తాగినా మొండిది. డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) మాత్రం బంపర్ టు బంపర్ ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది, మా పనికి నేను దానికి దూరం.

అపోహ: టాప్ మోడల్ తీసుకుంటే అన్నీ వచ్చేస్తాయి.

సన్‌రూఫ్ వస్తుంది. రోహిణి కార్తెలో రెంటచింతల వైపు వెళ్ళేవాడికి నెత్తిమీద అద్దం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు, పైగా లోపల రెండంగుళాల ఎత్తు తినేస్తుంది. దానితోపాటు పెద్ద అలాయ్ చక్రాలు వస్తాయి, టైరు గోడ సన్నగా ఉంటుంది, గుంతలో పడితే ఆ దెబ్బ నేరుగా నడుముకే, టైరు రేటు కూడా ఎక్కువే. 18 అంగుళాలకన్నా 16 అంగుళాల చక్రం మా రోడ్లకి హాయి. అదే వెంటిలేటెడ్ సీట్లు, క్రూజ్ కంట్రోలు, టైరు ప్రెషర్ చూపించే సిస్టమ్ ఉంటే మాత్రం డబ్బులు పెడతాను, ఇవి షోకు కాదు. తెల్ల రంగు కూడా షోకు కాదు, ఎండలో నిజంగానే తక్కువ వేడెక్కుతుంది.

టైర్ల మాట వచ్చింది కాబట్టి: నైట్రోజన్ పట్టిస్తే అద్భుతం అంటారు, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ చూసుకుంటే చాలు. కొత్త టైరు వేసేటప్పుడు పక్కన ఉండే నాలుగంకెలు చూడండి, 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైంది అని.

అపోహ: కంపెనీ పేరుమీద కొంటే జీఎస్టీ మొత్తం వెనక్కొస్తుంది.

డ్రైవర్‌తో కలిపి 13 మంది దాకా కూర్చునే బండికి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం) రాదు, చట్టంలో సెక్షన్ 17(5)లోనే ఉంది. బండ్ల అమ్మకం, ప్యాసింజర్ల రవాణా, డ్రైవింగ్ స్కూలు లాంటి వ్యాపారం అయితేనే వస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న బండ్లకి జీఎస్టీ 18 శాతం (పెట్రోల్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ లోపు), పెద్దవాటికి 40, ఎలక్ట్రిక్‌కి 5. పెద్ద బండి అడిగే మేనేజర్లకి ఈ ఒక్క లైన్ చూపిస్తాను.

ఎలక్ట్రిక్ మన పనికి అస్సలు రాదు అనేవాళ్ళతో కూడా నేను ఒప్పుకోను. హైదరాబాద్ సిటీలో రోజుకి 120, 130 తిరిగి రాత్రి ఆఫీసులోనే చార్జింగ్ పెట్టే ఇద్దరికి ఇచ్చాం, బ్రహ్మాండంగా నడుస్తున్నాయి, తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ టాక్స్ మినహాయింపు కూడా ఉంది. విజయవాడ రూట్ కుర్రాళ్ళకి మాత్రం ఇంకా ఇవ్వలేదు, స్పీడు పెరిగితే, ఏసీ ఫుల్ పెడితే రేంజ్ తగ్గుతుంది, చార్జర్ దగ్గర ముందు ఇద్దరుంటే డయాలసిస్ మిషన్ ఎదురుచూడదు కదా.

అపోహ: జీరో డెప్ ఇన్సూరెన్స్ (పార్టుల పాతదనం కింద డబ్బు కోయకుండా ఇచ్చేది) ఉంటే అంతా కవర్.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మావి రెండు బండ్లు మునిగాయి. ఒకతను నీళ్ళు తీశాక "చూద్దాం" అని సెల్ఫ్ కొట్టాడు, ఇంజన్ నీళ్ళు లాక్కుని పట్టేసింది. ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ లేదు, జీరో డెప్ ఉన్నా ఇంజన్ డబ్బు చేతినుంచే పెట్టుకున్నాం. రెండో అతను ముట్టుకోకుండా టో చేయించాడు, క్లెయిమ్ వచ్చింది. ఇప్పుడు అన్నిటికీ ఆ యాడ్ ఆన్ ఉంది, అన్ని బండ్ల సన్ వైజర్ వెనక "మునిగితే స్టార్ట్ చేయొద్దు" అని చీటీ అంటించాను.

లక్షా ఎనభై వేల కిలోమీటర్లు దాటాక బండ్లు మార్చేస్తాం, ముందు నడిపినవాడికే కొనుక్కునే అవకాశం ఇస్తాం. బండి మంచిదో కాదో నాకు తెలిసేది అప్పుడే. మొన్న మూడు అమ్మకానికి పెట్టాను. రెండు నడిపినవాళ్ళే బేరం కూడా ఆడకుండా తీసుకున్నారు. మూడోది సన్‌రూఫ్ ఉన్నది, ఇంకా షెడ్డులోనే ఉంది, కావాలంటే చెప్పండి.