ఐదు ఈటీఎఫ్‌లు కొన్నా డబ్బు ఒక్కచోటే ఉండొచ్చు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎన్ని ఎక్కువ ఈటీఎఫ్‌లు కొంటే రిస్క్ అంత తగ్గుతుంది

వాస్తవం: ఈటీఎఫ్ అంటే షేర్లనో బంగారాన్నో బాండ్లనో పట్టుకుని, తానూ షేరులాగే ఎక్స్ఛేంజీలో ట్రేడయ్యే ఫండ్. ఎక్కువ ఈటీఎఫ్‌లు ఒక ఇండెక్స్‌ను, అంటే ఎంపిక చేసిన కంపెనీల జాబితాను, అనుసరిస్తాయి. మీ దగ్గర నిఫ్టీ 50 ఈటీఎఫ్ ఒకటి, సెన్సెక్స్‌ది ఒకటి, బ్యాంక్ నిఫ్టీది ఒకటి, ప్రైవేటు బ్యాంకులది మరొకటి. డీమ్యాట్ ఖాతాలో నాలుగు వరుసలు కనిపిస్తాయి కానీ లోపలున్న కంపెనీలు చాలావరకు అవే. సెన్సెక్స్‌లోని 30 కంపెనీలు దాదాపు అన్నీ నిఫ్టీ 50లోనూ ఉంటాయి. నిఫ్టీ 50లో మూడో వంతు దాకా వాటా బ్యాంకులు, ఆర్థిక సేవల సంస్థలదే. దానిమీద బ్యాంక్ ఈటీఎఫ్ కూడా కొంటే హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకునూ ఐసీఐసీఐ బ్యాంకునూ రెండోసారి కొన్నట్టే. 2020 జనవరి 14న 12,362 దగ్గర ముగిసిన నిఫ్టీ మార్చి 23కి 7,610కి పడింది. అంటే 38 శాతం. బ్యాంక్ నిఫ్టీ అంతకన్నా ఎక్కువే పడింది. ఈ నాలుగూ పట్టుకున్నవాళ్లకు ఏ ఒక్కటీ అడ్డుపడలేదు.

కలవని ఇండెక్సులు కావాలంటే వాటి నిర్వచనాలు చూడాలి. నిఫ్టీ నెక్స్ట్ 50లో నిఫ్టీ 50 కంపెనీలు ఉండవు, నిఫ్టీ 100లోని మిగతా 50 ఉంటాయి. మిడ్‌క్యాప్ 150 అంటే మార్కెట్ విలువలో 101 నుంచి 250వ ర్యాంకు దాకా ఉన్న కంపెనీలు. అయినా ఇవన్నీ షేర్లే, మార్కెట్ కూలితే కలిసే కూలతాయి. అసలైన వైవిధ్యం షేర్ల బయట ఉంటుంది: బంగారం, బాండ్లు. నెలకు రూ.10,000 పెట్టేవారికి ఒక నమూనా: నిఫ్టీ 50లో రూ.5,000, నెక్స్ట్ 50లోనో మిడ్‌క్యాప్‌లోనో రూ.1,500, గోల్డ్ ఈటీఎఫ్‌లో రూ.1,500, భారత్ బాండ్ లాంటి కాలపరిమితి ఉన్న బాండ్ ఈటీఎఫ్‌లో రూ.2,000. వయసును బట్టి, అవసరాన్ని బట్టి అంకెలు మార్చుకోండి. ఐదో ఈటీఎఫ్ చేర్చేముందు మాత్రం దాని ఫ్యాక్ట్‌షీట్‌లోని (ఫండ్ సంస్థ ఇచ్చే వివరాల పత్రం) మొదటి పది కంపెనీలను మీ దగ్గరున్న వాటితో పోల్చండి. ఆరు పేర్లు కలిస్తే కొనడం దండగ.

అపోహ: ఈటీఎఫ్ ఏ ధరకు దొరికితే దాని విలువ అంతే

వాస్తవం: చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడ. యూనిట్ వెనకున్న ఆస్తుల విలువ ఎన్‌ఏవీ. ఎక్స్ఛేంజీలో కనిపించేది కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కుదుర్చుకున్న ధర. ఈ రెంటినీ దగ్గరగా ఉంచేది మార్కెట్ మేకర్లు, అంటే ఎప్పుడూ కొనడానికీ అమ్మడానికీ ధరలు పెట్టి ఉంచే సంస్థలు. ధర పైకి పోతే వాళ్లు ఫండ్ సంస్థ దగ్గర కొత్త యూనిట్లు తీసుకుని మార్కెట్లో అమ్ముతారు, తేడా కరిగిపోతుంది. ఫండ్ సంస్థ కొత్త యూనిట్లు ఇవ్వలేని రోజు ఈ ఏర్పాటు ఆగిపోతుంది.

విదేశీ ఈటీఎఫ్‌లకు జరిగింది అదే. విదేశీ షేర్లలో పెట్టడానికి మన ఫండ్ పరిశ్రమ మొత్తానికి 700 కోట్ల డాలర్ల పరిమితి ఉంది. 2022 ఆరంభంలో అది నిండేసరికి కొత్త డబ్బు తీసుకోవడం ఆగింది. ఆ తర్వాత కొద్దికొద్దిగా తెరిచి మూసినా, అమెరికా కంపెనీల ఇండెక్స్ నాస్‌డాక్ 100 ఈటీఎఫ్ కావాలనుకున్నవాళ్లు ఉన్న యూనిట్ల కోసమే పోటీపడి ఎన్‌ఏవీ కంటే బాగా ఎక్కువ పెట్టి కొన్నారు. 2025 అక్టోబరులో లోహం కొరతతో సిల్వర్ ఈటీఎఫ్‌లకూ ఇదే గతి పట్టింది.

లెక్క చూడండి. లక్ష రూపాయల ఆస్తికి 10 శాతం ప్రీమియంతో, అంటే ఎన్‌ఏవీ కంటే అంత ఎక్కువగా, రూ.1,10,000 ఇచ్చారు. ఇండెక్స్ కదలకుండా ప్రీమియం ఒక్కటే పోయినా మీకు 9 శాతం నష్టం. ఖర్చు నిష్పత్తి (ఫండ్ నిర్వహణకు ఏటా తీసుకునే శాతం) 0.20 శాతం బదులు 0.05 శాతం ఉందని ఒక ఈటీఎఫ్ ఎంచుకుంటే లక్షకు ఏడాదికి మిగిలేది రూ.150. ఆ లెక్కన పదివేలు పూడాలంటే దాదాపు 67 ఏళ్లు.

కొనేముందు ఫండ్ సంస్థ వెబ్‌సైట్‌లో ఐ-ఎన్‌ఏవీ (ట్రేడింగ్ వేళల్లో చూపే ఎన్‌ఏవీ అంచనా) తెరిచి ధరతో పోల్చండి. నిఫ్టీ ఈటీఎఫ్‌లో 0.2-0.3 శాతం తేడా మామూలే, 1 శాతం దాటితే ఆగండి. విదేశీ ఈటీఎఫ్‌కైతే ఆ అంకెను పూర్తిగా నమ్మలేం, మన మార్కెట్ నడిచేటప్పుడు అమెరికా మార్కెట్ మూసి ఉంటుంది కాబట్టి. తర్వాత మార్కెట్ డెప్త్, అంటే కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ పెట్టిన ధరల పట్టిక, చూడండి. కొనేవారి ధర రూ.100, అమ్మేవారి ధర రూ.101 అని ఉంటే, కొన్న క్షణంలోనే ఒక శాతం పోయినట్టు. ఎప్పుడూ లిమిట్ ఆర్డరే (ఇంత ధరకు మించి కొనను అని చెప్పే ఆర్డర్) పెట్టండి. ఉదయం 9:15 నుంచి మొదటి పావుగంట, మధ్యాహ్నం 3:30కి ముందు చివరి పది నిమిషాలు వదిలేయండి.

అపోహ: రూ.25 యూనిట్ చౌక, రూ.250 యూనిట్ ఖరీదు

వాస్తవం: కాదు. 2001లో మొదలైన దేశపు తొలి ఈటీఎఫ్ నిఫ్టీ బీస్ యూనిట్ మొదట ఇండెక్స్‌లో పదో వంతుగా ఉండేది, 2019లో విభజన తర్వాత వందో వంతయింది. యూనిట్లు పదింతలయ్యాయి, విలువ అంతే ఉంది.

అపోహ: ఖర్చు తక్కువున్నదే మంచి ఈటీఎఫ్

వాస్తవం: ట్రాకింగ్ డిఫరెన్స్ చూడండి. ఏడాదిలో డివిడెండ్లతో కలిపి ఇండెక్స్ 12 శాతం, ఫండ్ 11.7 శాతం ఇస్తే తేడా 0.3. ఖర్చు నిష్పత్తితో పాటు షేర్లు మార్చేటప్పుడయ్యే ఖర్చు, చేతిలో ఉంచుకున్న నగదు అన్నీ ఇందులోకే వస్తాయి. ట్రాకింగ్ ఎర్రర్ వేరే అంకె. అది ఈ తేడా ఎంత ఊగుతోందో చెబుతుంది.

అపోహ: ఇండెక్స్ ఫండ్ కంటే ఈటీఎఫ్ ఎప్పుడూ మేలు

వాస్తవం: నెలకు రూ.2,000, 3,000 పెట్టేవారికి, రోజూ స్క్రీన్ చూడలేనివారికి డైరెక్ట్ ప్లాన్ (మధ్యవర్తి కమీషన్ లేనిది) ఇండెక్స్ ఫండే హాయి. అది కూడా ఇండెక్స్‌నే అనుసరిస్తుంది, కానీ ఎక్స్ఛేంజీలో కాకుండా ఫండ్ సంస్థ దగ్గర కొంటాం. ఎన్‌ఏవీకే దొరుకుతుంది, పాక్షిక యూనిట్లు వస్తాయి, డీమ్యాట్ అక్కర్లేదు. ఈటీఎఫ్‌లో పూర్తి యూనిట్లే కొనాలి, అమ్మినప్పుడు డీపీ చార్జీ (డీమ్యాట్ నుంచి యూనిట్లు తీసినందుకు రుసుము) పడుతుంది.

అపోహ: పన్ను అన్ని ఈటీఎఫ్‌లకూ ఒకటే

వాస్తవం: షేర్ల ఈటీఎఫ్‌ను 12 నెలల లోపు అమ్మితే లాభంపై 20 శాతం, ఆ తర్వాతైతే ఏడాదికి రూ.1.25 లక్షలు దాటిన లాభంపై 12.5 శాతం. గోల్డ్ ఈటీఎఫ్‌కు కూడా 12 నెలల తర్వాత 12.5 శాతమే, కానీ ఆ రూ.1.25 లక్షల మినహాయింపు వర్తించదు. 12 నెలల లోపల అమ్మితే మీ ఆదాయపు పన్ను స్లాబు రేటు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న బాండ్ ఈటీఎఫ్‌లకు ఎంతకాలం ఉంచినా స్లాబు రేటే. అందుకే మీ డబ్బులో ఒక్కో ఈటీఎఫ్ వాటా అనుకున్నదానికి 5 శాతం పాయింట్లు అటూఇటూ అయితే వెంటనే అమ్మకానికి దిగకండి. కొత్త డబ్బును వెనకబడిన దానిలోకి మళ్లించి సరిచేయండి, అప్పటికీ సరిపోకపోతేనే అమ్మండి.

అపోహ: ఫండ్ సంస్థ చేతులు మారితే డబ్బు గల్లంతు

వాస్తవం: ఆస్తులు ట్రస్టు కింద, కస్టోడియన్ (వాటిని భద్రపరిచే వేరే సంస్థ) దగ్గర ఉంటాయి. నిఫ్టీ బీస్ బెంచ్‌మార్క్ నుంచి గోల్డ్‌మన్ శాక్స్‌కు, అక్కణ్నుంచి రిలయన్స్‌కు, చివరికి నిప్పాన్‌కు మారింది. ఇప్పటికీ ట్రేడవుతోంది.

అపోహ: అమెరికాలో స్థిరపడ్డ తెలుగువారికి ఇక్కడి ఈటీఎఫ్‌లే సులువు

వాస్తవం: అక్కడి పన్ను పరిధిలో ఉన్నవారికి భారతీయ ఫండ్లు, ఈటీఎఫ్‌లు పీఎఫ్‌ఐసీ (పాసివ్ ఫారిన్ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ) కిందికి వస్తాయి. సాధారణంగా ఒక్కోదానికి వేరుగా ఫారం 8621 నింపాలి, పన్ను లెక్క కూడా కఠినం. భారత్ షేర్లే కావాలంటే అమెరికాలోనే లిస్టయిన, మన కంపెనీలను పట్టుకునే ఈటీఎఫ్‌ను అక్కడి బ్రోకర్ దగ్గరే కొనుక్కోవచ్చు.