మెదడులో ఊరి పటం ఉందా? దారి తెలిపే కణాలపై అపోహలు – వాస్తవాలు

అపోహ: మెదడులో పరిసరాల పటం ముద్ర వేసినట్టు ఉంటుంది.

వాస్తవం: 1971లో జాన్ ఓకీఫ్, జొనాథన్ డోస్ట్రోవ్‌స్కీ లండన్‌లో ఎలుకల హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలో గుర్తించిన స్థాన కణాల్లో ఒక్కొక్కటీ, ఎలుక ఒకానొక చోటికి చేరినప్పుడే జోరుగా స్పందిస్తుంది. ఈ మాట వినగానే పక్కపక్క చోట్లకు పక్కపక్క కణాలే ఉంటాయని చాలామంది ఊహించుకుంటారు. ఎలక్ట్రోడ్లతో రికార్డు చేసే మాకు కనిపించేది వేరు: ఇరుగుపొరుగు కణాలు గదికి చెరో మూలనా స్పందించవచ్చు. ఎలుకను మరో గదిలో వదిలితే, అంతవరకు పలికిన కణాలు కొన్ని మౌనం వహిస్తాయి, మౌనంగా ఉన్నవి కొన్ని పలుకుతాయి, మరికొన్ని తమ చోటు మార్చుకుంటాయి. ‘పటం’ అనే పోలికను వ్యాప్తిలోకి తెచ్చింది మా రంగమే కనుక, ఈ అపోహలో మా పాలూ ఉంది.

అపోహ: తల దిశా కణాలు దిక్సూచిలా ఉత్తరాన్ని కనిపెడతాయి.

వాస్తవం: తల ఒకానొక దిశకు తిరిగి ఉన్నప్పుడే జోరుగా స్పందించే కణాలివి. వీటి దిశకు ఆధారం భూమి అయస్కాంతత్వం కాదు. గుండ్రని ఆవరణ గోడకు అంటించిన తెల్ల అట్టను, ఎలుక చూడకుండా, 90 డిగ్రీలు జరిపితే కణాలు ఎంచుకున్న దిశ కూడా దాదాపు అంతే తిరుగుతుంది. దీపం ఆర్పినా కొంతసేపు ఆ దిశ నిలుస్తుంది, ఎందుకంటే తల ఎంత వేగంగా తిరిగిందో లోపలి చెవి తెలియజేస్తూనే ఉంటుంది.

అపోహ: ఇది మెదడులోని జీపీఎస్.

వాస్తవం: ఈ కణాలను కనుగొన్నందుకు ఓకీఫ్‌కూ మోసెర్ దంపతులకూ దక్కిన 2014 నోబెల్ బహుమతితో ఈ పేరు స్థిరపడింది కానీ, జీపీఎస్‌కు సంకేతాలు ఉపగ్రహాల నుంచి వస్తాయి, మెదడు మాత్రం తన కదలికను తానే లెక్కగట్టుకోవాలి. 2005లో మోసెర్ దంపతుల బృందం నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో వెల్లడించిన గ్రిడ్ కణం స్పందించిన చోట్లన్నీ గుర్తిస్తే, సందు చుక్కల ముగ్గుకు పెట్టిన చుక్కల్లా సమబాహు త్రిభుజాలు ఏర్పడతాయి. గ్రిడ్ కణాలుండే ప్రాంతంలోనే (హిప్పోక్యాంపస్ పక్కనున్న ఎంటోరైనల్ కార్టెక్స్) పరుగు వేగాన్ని బట్టి స్పందన పెంచే కణాలు, గోడల అంచున మేల్కొనే కణాలు కూడా ఉన్నాయి. వేగాన్నీ దిశనూ కలుపుకుంటూ పోయే లెక్కలో తప్పులు పేరుకుంటాయి. గోడ తగిలినప్పుడు ఆ తప్పు సవరణ అవుతుందని ప్రయోగాలు సూచిస్తున్నాయి.

అపోహ: నగర వీధులన్నీ కంఠస్థం చేసే లండన్ టాక్సీ డ్రైవర్ల హిప్పోక్యాంపస్ మొత్తం పెద్దది.

వాస్తవం: 2000లో ఎలినార్ మగ్వైర్ బృందం చూపింది వెనుక భాగం పెద్దదని మాత్రమే, ముందు భాగం ఇతరుల కంటే చిన్నదిగా కనిపించింది.