మంచు మీద జాడ: వేట చోటు దాచుకునే విద్య

అమెరికా ఉత్తరాన విస్కాన్సిన్, మిషిగన్, మిన్నెసోటా రాష్ట్రాల్లో నవంబరు అంటే జింకల వేట నెల. మిషిగన్‌లో తుపాకీ వేట 15 నుంచి 30వ తేదీ దాకా సాగుతుంది. విస్కాన్సిన్‌లో థాంక్స్‌గివింగ్ (నవంబరు నాలుగో గురువారం వచ్చే పండగ) ముందరి శనివారం మొదలై తొమ్మిది రోజులు ఉంటుంది. (మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు దాదాపు తలుపులు మూసేసింది. అక్కడ లైసెన్సు ఉంటే అది చట్టబద్ధం.) సొంత భూమి లేనివాళ్లు ప్రభుత్వ అడవుల్లో వేటాడతారు. విస్కాన్సిన్‌లోని షవామెగన్-నికొలె జాతీయ అడవి ఒక్కటే సుమారు 15 లక్షల ఎకరాలు. అంత అడవిలోనూ జింకలు రోజూ దిగే వాలు, మేతకూ పడకకూ మధ్య అవి దాటే సందు లాంటి మంచి చోట్లు కొన్నే ఉంటాయి. అక్కడ మంచె కట్టుకున్నంత మాత్రాన ఆ చోటు ఎవరి సొత్తూ కాదు. కాబట్టి కనిపెట్టినవాళ్లు గుట్టుగా ఉంచుకుంటారు. ఒక రాత్రి మంచు పడితే చాలు, ఆ గుట్టు కాస్తా పోతుంది. కారు ఆపిన చోటు నుంచి మంచె మొదలు దాకా బూటు జాడ వరసగా కనిపిస్తూ ఉంటుంది.

జాడను చెరిపేద్దామని చూసేవాళ్లే ముందుగా దొరికిపోతారు. మంచులో పడ్డ అడుగు మామూలుగా చెరగదు. దాన్ని చూసినవాడికి పనికొచ్చే సంగతి తెలియకుండా చేయడం ఒక్కటే మన చేతిలో ఉన్నది. ఎందుకో తెలియాలంటే అడుగు కింద జరిగేది చూడాలి.

కొత్తగా కురిసిన పొడిమంచులో ఎక్కువ భాగం గాలే. పది సెంటీమీటర్ల మంచును కరిగిస్తే వచ్చే నీరు దాదాపు ఒక సెంటీమీటరు. తుపాకీ, సంచీ, చలిబట్టలతో కలిపి 90 కిలోలున్న మనిషి ఒంటికాలి మీద బరువు వేస్తే, 250 చదరపు సెంటీమీటర్ల బూటు కింద ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 360 గ్రాములు పడతాయి. పది సెంటీమీటర్ల పొడిమంచు అణిగి మూడు సెంటీమీటర్ల పలకవుతుంది. అసలు కథ ఆ తర్వాత నడుస్తుంది. ఆరు కొమ్మల మంచు స్ఫటికాలు విరిగి సన్నని రేణువులై ఒకదానికొకటి ఆనుకుంటాయి. మంచు ఎప్పుడూ తన ద్రవీభవన స్థానానికి దగ్గరలోనే ఉంటుంది కాబట్టి, రేణువుల ఉపరితలం మీది అణువులు, వాటి నుంచి లేచిన ఆవిరి ఆ తాకిన చోట్లకు చేరి మెడల్లా అతుకులు కడతాయి. దీన్ని సింటరింగ్ అంటారు. నిమిషాల్లో మొదలై గంటల తరబడి సాగుతుంది. తొక్కిన వెంటనే వేలితో నొక్కితే దిగిపోయే అడుగు, మర్నాటికి వేలికి లొంగదు.

గాలి వచ్చి చుట్టూ ఉన్న పొడిమంచును ఎత్తుకుపోయినా గట్టిపడ్డ అడుగు మిగులుతుంది. గుంటగా ఉన్నది దిమ్మెగా పైకి తేలుతుంది. ఎండ కాసి మంచు కరిగే రోజుల్లో కూడా అణిగిన భాగమే ఆఖర్న కరుగుతుంది. అప్పుడు గోధుమరంగు ఆకుల మీద తెల్లటి అడుగులు వరసగా కనిపిస్తాయి. అసలు రోజు కన్నా మూడో రోజే జాడ ఎక్కువ కొట్టొచ్చినట్టుండటం మామూలే.

“మళ్లీ మంచు పడితే పూడిపోతుందిలే” అనేది ఇంకో భ్రమ. గాలి లేకుండా కురిసే మంచు గుంటలోనూ గట్టు మీదా ఒకే మందాన పడుతుంది. నులకమంచం కుంగిన చోట దుప్పటి పరిచినా కుంగు కనిపిస్తున్నట్టే, అడుగు అంచులు గుండ్రబడతాయి కానీ గుంట అలాగే ఉంటుంది. పైగా 46 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర నవంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 24 డిగ్రీలకు మించి ఎక్కడు. ఆ ఏటవాలు వెలుగులో రెండు సెంటీమీటర్ల పల్లానికి కూడా నీడ పడుతుంది.

గుంట నిజంగా పూడాలంటే గాలి కావాలి. పొడిమంచు నేల మీద కదలడానికి గంటకు 25–30 కిలోమీటర్ల గాలి ఉండాలి. బీడుపొలం, బురదమడుగు, పెద్ద సరస్సు ఒడ్డు లాంటి చోట్ల అలాంటి గాలి గంటలో జాడ కప్పేస్తుంది. చిక్కటి అడవి లోపల నేల దగ్గర ఆ వేగం రాదు కాబట్టి జాడ వారం ఉంటుంది. అందుకని గాలిరోజున బయలు మీదుగా వెళ్లి, అడవిలో నడక ఎంత తగ్గితే అంత మేలు. అలాగని గడ్డకట్టిన సరస్సు మీదికి దిగొద్దు. మనిషి నడవడానికి గట్టి, పారదర్శకమైన మంచుగడ్డ కనీసం నాలుగు అంగుళాలు ఉండాలని మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెబుతుంది. నవంబరులో అంత మందం చాలాచోట్ల ఉండదు.

ఇక కొమ్మతో ఊడ్చే పద్ధతి. సినిమాల్లో తప్ప ఎక్కడా పనిచేయదు. స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు కొమ్మ ఊడ్చిన పట్టీ చుట్టుపక్కల మంచులా మెరవదు, అందులో సూదుల్లాంటి ఆకులు రాలి ఉంటాయి. దాన్ని చూసినవాడికి ఎవరో ఏదో దాచారని కూడా అర్థమవుతుంది. వెనక్కి వెనక్కి నడిచి పాత అడుగుల్లోనే కాళ్లు పెట్టడం కూడా అంతే. అడుగు వెడల్పవుతుంది, బొటనవేలు ఎగదోసిన మంచుపొడి రెండువైపులా కనిపిస్తుంది.

ఈ విషయంలో కుందేలు గురువు. యూరప్, రష్యా మంచు నేలల్లో గోధుమరంగు కుందేలు పడక చేరేముందు తన జాడ మీదే కొంత దూరం వెనక్కి వచ్చి, ఒక్కసారిగా పక్కకు పెద్ద గెంతు గెంతుతుంది. వాసన పట్టి వచ్చే నక్క అసలు జాడ కొస దాకా పోయి తికమకపడుతుంది. ఉత్తర అమెరికాలో రఫ్డ్ గ్రౌస్ అనే పక్షి ఇంకా తెలివైనది. మెత్తటి మంచు లోతుగా ఉంటే ఎగురుతూ వచ్చి నేరుగా అందులోకి దూకి పడుకుంటుంది. పడకకు నడిచి వెళ్లిన జాడే ఉండదు.

మనిషికి ఆ గెంతు లేదు. కొస లేని జాడ మాత్రం చేయగలడు. అంటే ఒక రోడ్డు నుంచి అడవిలో అడుగుపెట్టి, మంచెకు 40–50 మీటర్ల పక్కగా ఆగకుండా దాటి, మరో రోడ్డు మీద తేలడం. వేట తెల్లవారకముందే మొదలవుతుంది కాబట్టి ఈ జాడ ముందురోజే వేసి ఉంచాలి. మర్నాడు అదే జాడలో నడిచి, సరైన చోట పక్కకు తప్పుకోవాలి. వెంబడించినవాడికి ఎవరో అడవి దాటి వెళ్లిపోయారనే అనిపిస్తుంది. కిటుకంతా ఆ తప్పుకునే చోటులోనే ఉంది. పడిపోయిన చెట్టు మొద్దు మీద నడుద్దామనుకుంటారు చాలామంది. మొద్దు మీది మంచు టోపీ రాలిపోయి, నల్లటి బెరడు యాభై అడుగుల దూరం నుంచే కనిపిస్తుంది. సీడార్, హెమ్లాక్ లాంటి ఏడాదంతా పచ్చగా ఉండే చెట్ల గుబుర్ల కింద దిగడం మేలు. అక్కడ కొమ్మలే మంచును పట్టి ఉంచుతాయి, నేల మీద పలుచన. ఎండెక్కాక కొమ్మల మీంచి మంచుముద్దలు రాలి నేలంతా గుంటలు పడతాయి, మీ రెండు మూడు అడుగులు వాటిలో కలిసిపోతాయి.

జింకల బాట తొక్కుడులో కలిసిపోవడం కూడా బాగానే పనిచేస్తుంది, కానీ మనిషి వాసన నేరుగా వాటి దారిలోనే వదిలినట్టవుతుంది. రబ్బరు బూట్లతో, గాలి వాలు చూసుకుని, పది పదిహేను అడుగులకు మించకుండా వాడుకోవాలి. వాగులో నడిస్తే జాడ ఉండదు. అయితే సున్నా డిగ్రీల నీళ్లు బూట్లోకి వెళ్తే ఆ రోజు వేట ముగిసినట్టే. ఒడ్డెక్కిన రాయి మీద కారిన నీరు గాజుపొరలా గడ్డకట్టి చోటు చెప్పేస్తుంది.

కాలిజాడకన్నా ముందు కారు పట్టిస్తుంది. మంచు పడుతుండగా ఆపి, సాయంత్రం తీసుకెళ్తే అక్కడ మంచులేని దీర్ఘచతురస్రం మిగులుతుంది. ఎప్పుడొచ్చారో, ఎంతసేపున్నారో అందులో ఉంది. నలుగురు ఆపే చోటే ఆపి, తొక్కుడుపడ్డ కలప లారీల దారిలో చక్రాల గాడిలోనే అర కిలోమీటరు నడిచి విడిపోవడం మంచిది.

జింక పడ్డాక ఇక ఏదీ దాగదు. పేగులు తీసేశాక కూడా 50–60 కిలోలున్న కళేబరాన్ని ఈడిస్తే అర మీటరు వెడల్పు గాడి, నెత్తురు, వెంట్రుకలు. రావెన్లు అనే పెద్ద కాకులు పేగుల కుప్ప మీద వాలి, అరుపులతో ఊరంతా చాటుతాయి. వయోమింగ్‌లో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో రావెన్లు తుపాకీ మోత వైపే ఎగిరిరావడం గమనించారు. ప్లాస్టిక్ స్లెడ్ (మంచు మీద జారే చక్రాల్లేని బండి) మీద వేసి లాగితే నెత్తురు పడదు, బరువూ తగ్గినట్టుంటుంది. స్లెడ్ గాడి మాత్రం పడుతుంది కాబట్టి వచ్చిన దారిన కాకుండా దగ్గర్లోని రోడ్డుకు లాగి, కారును అక్కడికే తెచ్చుకోవాలి. ఫోటో పెడితే ఫోనులో లొకేషన్ ఆపాలి. వెనకాల కొండవాలు పడకుండా నేల మీదికి వంచి తీయాలి.

బట్టల రంగు దాచే వీలు లేదు. విస్కాన్సిన్‌లో తుపాకీ సీజన్‌లో నడుము పైన పైదుస్తుల్లో కనీసం సగం మెరిసే నారింజ లేదా గులాబీ రంగు ఉండాలి. టోపీ పెట్టుకుంటే దానికీ అదే నియమం. చోటు ఎవరికీ చెప్పకూడదన్నా ఇంట్లో ఒకరికి మాత్రం తెలియాలి. కారు ఆపే చోటు, మంచె అక్షాంశ రేఖాంశాలు, తిరిగొచ్చే గంట రాసిన కాగితం కవరులో పెట్టి ఇచ్చి, ఆ గంట దాటినా రాకపోతే తెరవమనండి. గాలి జాడ కప్పేసిన రాత్రి, మంచె మీంచి జారిపడ్డ మనిషిని వెతికేవాళ్లకు కూడా ఆ జాడ దొరకదు.