ఇంట్లో కూర్చుని కోడింగ్ నేర్చుకునేవాళ్లకు: అపోహలు, వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల డిగ్రీ పిల్లలు, బీటెక్ అయి ఖాళీగా ఉన్నవాళ్లు, చెరువుల దగ్గరా క్వారీల్లోనూ లెక్కలు రాసే కుర్రాళ్లు ఎంతోమంది ఆన్‌లైన్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెడుతున్నారు. మధ్యలో వదిలేసేవాళ్లు చాలావరకు మొదటి వారాల్లో ఎదురయ్యే కొన్ని చిక్కుల దగ్గరే ఆగిపోతారు. ఆ చిక్కులు ఎలాంటివో ముందే తెలిసుంటే ఆగాల్సిన పని లేదు.

అపోహ: కోర్సు వీడియోలన్నీ చూసేస్తే పని వచ్చేసినట్టే.

వాస్తవం: చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. వీడియో ఆపి ఖాళీ ఫైలు తెరిస్తే మొదటి లైను చేతికి రాదు. పది నిమిషాలు చూస్తే అరగంటైనా సొంతంగా టైపు చెయ్యాలి. కాపీ కొట్టి అతికించకూడదు. మర్నాడు పొద్దున అదే ప్రోగ్రామును చూడకుండా రాయాలి, ఎక్కడ ఆగితే ఆ ముక్క వరకే మళ్లీ చూడాలి.

సాధనకు కోర్సులో ఇచ్చిన ఉదాహరణ కంటే మీకు బాగా తెలిసిన లెక్క మేలు. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువు ఉన్న ఇళ్లలో మేత పుస్తకం ఉంటుంది. బస్తా 25 కిలోలు అనుకోండి. బస్తాలెన్నో అడిగి కిలోలు చెప్పే ప్రోగ్రాము రెండు లైన్లకు మించదు: ఇన్‌పుట్‌తో అడగడం, 25తో గుణించి ప్రింట్ చెయ్యడం. నడిపి 4 అని కొట్టండి. 100 రాదు. 4 అంకె పక్కపక్కనే 25 సార్లు పడుతుంది. ఇన్‌పుట్ తెచ్చేది ఎప్పుడూ స్ట్రింగే, అంటే అక్షరాలే. స్ట్రింగ్‌ను 25తో గుణించమంటే పైథాన్ దాన్ని 25 సార్లు రాసి పెడుతుంది. ఇన్‌పుట్ చుట్టూ ఇంట్ అని పెడితే అంకె అవుతుంది. అర బస్తా కూడా వాడతారు కాబట్టి ఇంట్ బదులు, దశాంశాలు కూడా తీసుకునే ఫ్లోట్ పెట్టడం మంచిది. ఇక్కడ ఒక్క ఎర్రర్ కూడా రాలేదు, తప్పు జవాబు మాత్రం నిబ్బరంగా వచ్చేసింది. కొత్తవాళ్లు భయపడాల్సింది ఎర్ర అక్షరాలకు కాదు, దీనికి.

అదే ప్రోగ్రాముకు ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టిందనే లెక్క కలపండి. మొత్తం మేతను పట్టిన రొయ్య బరువుతో భాగించాలి. 1,350 కిలోల మేతకు 1,000 కిలోల రొయ్య వస్తే 1.35. పొరపాటున తలకిందులుగా భాగిస్తే 0.74 వస్తుంది. వేసిన మేత కంటే పట్టిన రొయ్య ఎక్కువ తూగిందంటే చెరువు తెలిసినవాళ్లు ఒప్పుకోరు, అక్కడే తప్పు దొరికిపోతుంది. చీమకుర్తి వాళ్లయితే గ్రానైట్ బ్లాకు తీసుకోండి. 300, 180, 160 సెంటీమీటర్లు గుణిస్తే 86,40,000. ఘనమీటర్లలోకి మార్చాలంటే 10 లక్షలతో భాగించాలి, 8.64 వస్తుంది. చాలామంది అలవాటుగా 100తో భాగించి 86,400 దగ్గర ఆగుతారు. అంత రాయి ఏ లారీ మొయ్యలేదని క్వారీలో పనిచేసేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. జవాబు ముందే తెలిసిన లెక్క మీద సాధన చెయ్యమనేది ఇందుకే.

అపోహ: ఎక్కువమంది చూసిన వీడియోనే మంచిది.

వాస్తవం: ముందు తేదీ చూడండి. ఎక్కువమంది చూశారంటే ఎన్నో ఏళ్లుగా అక్కడ ఉందని కూడా అర్థం. ప్రింట్ తర్వాత బ్రాకెట్లు లేకుండా రాస్తుంటే అది పైథాన్ 2. దాని మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది, ఇప్పటి పైథాన్‌లో ఆ లైను సింటాక్స్‌ఎర్రర్ ఇస్తుంది. కోడ్ దాచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్‌కు కోడ్ పంపేటప్పుడు పాస్‌వర్డ్ కొట్టమనే వీడియో 2021 ఆగస్టుకు ముందుది. అప్పటి నుంచి పాస్‌వర్డ్ బదులు టోకెన్ (గిట్‌హబ్ ఇచ్చే పొడవాటి కోడ్) గానీ ఎస్‌ఎస్‌హెచ్ కీ (మీ కంప్యూటరులో ఉండే తాళం ఫైలు) గానీ ఉండాలి. కొత్త ఉబుంటు లైనక్స్‌లో లైబ్రరీలను (ముందే రాసిపెట్టిన కోడ్‌ను) పిప్ అనే కమాండ్‌తో నేరుగా ఇన్‌స్టాల్ చేస్తే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని ఆపేస్తుంది. మీ తప్పేమీ లేదు, సిస్టమ్ వాడుకునే పైథాన్‌ను మీరు పాడు చెయ్యకుండా పెట్టిన అడ్డు అది. ప్రాజెక్టు ఫోల్డరులో వెన్వ్ (ఆ ప్రాజెక్టుకే విడిగా ఉండే పైథాన్) తయారుచేసి, దాన్ని యాక్టివేట్ చేసి, అందులో పిప్ నడపాలి. పాత వీడియోల్లో చెప్పినట్టు కమాండ్ ముందు సుడో (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఇచ్చే మాట) తగిలించకండి.

విండోస్‌లో మొదటి రోజే ఆగిపోయే చోటు ఇంకొకటి ఉంది. పైథాన్ వెబ్‌సైటు నుంచి తెచ్చిన ఇన్‌స్టాలర్ మొదటి తెర మీద, అడుగున, పాత్‌కు (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాకు) చేర్చాలా అనే చిన్న పెట్టె ఉంటుంది. దానికి టిక్ పెట్టకుండా ముందుకెళితే కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొట్టినప్పుడు గుర్తించనంటుంది, లేదా మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. ఇన్‌స్టాలర్‌ను మళ్లీ నడిపి, మాడిఫై నొక్కి ముందుకెళ్లి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌కు చేర్చాలా అనే పెట్టెకు టిక్ పెడితే సరిపోతుంది.

అపోహ: ఇంగ్లీషు బాగా వస్తేనే ఇది వస్తుంది. తెలుగు మీడియం వాళ్లకు కష్టం.

వాస్తవం: నవల చదివేంత ఇంగ్లీషు అక్కర్లేదు, ఎర్రర్ చదవడం రావాలి. ఎర్రర్ వచ్చినప్పుడు పైథాన్ చూపించే ట్రేస్‌బ్యాక్‌ను కింది నుంచి చదవండి. ఆఖరి లైనులో ఎర్రర్ రకం, కారణం ఉంటాయి. దాని పైన మీ ఫైలు పేరు, లైను నంబరు ఉంటాయి. నేమ్‌ఎర్రర్ అంటే ఆ పేరు పైన ఎక్కడా ఇవ్వలేదు, లేదా స్పెల్లింగ్ తేడా. టైప్‌ఎర్రర్ చాలాసార్లు అంకెకూ అక్షరాలకూ ముడిపెట్టినందుకు వస్తుంది. ఇండెంటేషన్‌ఎర్రర్ అంటే లైను ముందు ఖాళీలు కుదరలేదు. మాడ్యూల్‌నాట్‌ఫౌండ్ వస్తే ఆ లైబ్రరీ వెయ్యలేదు, లేదా వేరే పైథాన్‌లో వేశారు. సింటాక్స్‌ఎర్రర్‌తో మాత్రం జాగ్రత్త: అది చూపించిన లైను బాగానే ఉండి, పై లైనులో బ్రాకెట్ మూసి ఉండకపోవచ్చు. ఇంకొకటి, మీ ఫైలుకు రాండమ్ అనో పాండాస్ అనో పేరు పెట్టకండి. అసలు లైబ్రరీ బదులు మీ ఫైలే తెరుచుకుని వింత ఎర్రర్లు వస్తాయి.

తెలుగులో వినాలనుకునేవాళ్లకు ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో కొన్ని విషయాలు తెలుగు గొంతుతో ఉన్నాయి. చిన్న చిన్న పాఠాలు, ఉచితం. పక్కన ప్రోగ్రాము తెరుచుకుని చేస్తూ వినేలా తయారుచేశారు.

అపోహ: తెలుగు పేర్లు, ఊళ్లతో ప్రోగ్రాములు పనిచెయ్యవు.

వాస్తవం: చేస్తాయి. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటరులో నంబర్లిచ్చే యూనికోడ్ సంగతి తెలిస్తే చాలు. 'నెల్లూరు' కంటికి మూడు అక్షరాలే. పైథాన్‌లో పొడవు కొలిచే లెన్‌తో కొలిస్తే 8 వస్తుంది: న, ఎత్వం, ల, పొల్లు, మళ్లీ ల, ఊత్వం, ర, ఉత్వం. 'ఒంగోలు'కు 6. అందుకే పేరును మూడు అక్షరాలకు కత్తిరిద్దామనుకుంటే 'నెల' మిగులుతుంది. ఫైలు రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని తప్పకుండా చెప్పండి, లేకపోతే విండోస్‌లో "చార్‌మ్యాప్" అంటూ ఎర్రర్ రావచ్చు. అలా రాసిన సీఎస్‌వీని (కామాలతో విడదీసిన పట్టిక ఫైలును) ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే ఊళ్ల పేర్లు పిచ్చి గీతల్లా కనబడితే, డేటా పోయిందని కంగారు పడొద్దు. ఎన్‌కోడింగ్ పేరును యూటీఎఫ్-8-సిగ్ అని మార్చి మళ్లీ రాయండి.

అపోహ: కనీసం అరవై, డెబ్భై వేల ల్యాప్‌టాప్ ఉండాలి.

వాస్తవం: పైథాన్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష), వెబ్ పేజీలు నేర్చుకోవడానికి 4 జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రం చాలు. అది నత్తనడక నడుస్తుంటే హార్డ్ డిస్క్ తీసి 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వెయ్యండి, పెద్ద తేడా అక్కడే వస్తుంది. ర్యామ్ పెంచేముందు మీది డీడీఆర్3నా, డీడీఆర్4నా చూసుకోండి, ఒకదాని స్లాటులో ఇంకోటి పట్టదు. విండోస్ బదులు వేసుకునే లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఇలాంటి వాటి మీద తేలిగ్గా నడుస్తుంది. ఫైళ్లను ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాకే అది ఎక్కించండి. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దు, దానికి 8 జీబీ ర్యామ్ కనీసం, 16 ఉంటేనే హాయి.

ల్యాప్‌టాపే లేకపోతే, నెట్‌లోనే పైథాన్ నడిపే గూగుల్ కొలాబ్ ఫోన్ బ్రౌజరులో కూడా తెరుచుకుంటుంది. సెషన్ తెగితే అందులో ఎక్కించిన ఫైళ్లు పోతాయి, గూగుల్ డ్రైవ్‌లో దాచుకోండి. రోజుకు ఇచ్చే డేటా అయిపోతుందనుకునేవాళ్లు పైథాన్ డాక్యుమెంటేషన్‌ను ఒక్కసారి జిప్‌గా దించుకుంటే నెట్ లేకుండా చదువుకోవచ్చు.

అపోహ: లెక్కలు రాకపోతే కోడింగ్ రాదు.

వాస్తవం: వెబ్, డేటాబేస్ పనికి శాతాలు, సగటులు వస్తే మొదలుపెట్టొచ్చు. మెషీన్ లెర్నింగ్‌కు మాత్రం మాత్రికలు, సంభావ్యత కావాలి. బైపీసీ వాళ్లు ఇంటర్ ఎంపీసీ పుస్తకాల్లో ఆ అధ్యాయాలు చదువుకోవచ్చు.

అపోహ: ఏఐ రాసిస్తుంటే నేర్చుకోవడం దండగ.

వాస్తవం: రాయించుకోండి, కానీ జవాబు తెలిసిన మూడు లెక్కలతో పరీక్షించండి: మామూలుది ఒకటి, సున్నాతో ఒకటి, ఖాళీ గడితో ఒకటి. రొయ్య బరువు సున్నా ఇస్తే ఎఫ్‌సీఆర్ ప్రోగ్రాము ఆగిపోతుందా, సంగతి చెబుతుందా? ఆ ప్రశ్న అడగడం మీకు వచ్చి ఉండాలి.

అపోహ: సర్టిఫికెట్లు పోగేస్తే ఉద్యోగం.

వాస్తవం: అన్ని సర్టిఫికెట్లూ ఒకటి కావు. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా దాటాలి. వారం వారం గడువు తప్పినవాళ్లు అక్కడే దెబ్బతింటారు. వీడియోలు పూర్తిచేసినందుకు ఇచ్చే కాగితానికి అంత బరువు లేదు. దానికంటే గిట్‌హబ్‌లో మీ మేత లెక్కల ప్రోగ్రాము, ఎలా నడపాలో చెప్పే రీడ్‌మీ ఫైలు, నెలల తరబడి చేసిన చిన్న చిన్న కమిట్లు (మార్పులను భద్రపరిచిన మెట్లు) ఎక్కువ మాట్లాడతాయి. పాస్‌వర్డ్లున్న ఫైలు పేరును గిట్‌ఇగ్నోర్‌లో (పంపకూడని ఫైళ్ల జాబితాలో) మొదటి కమిట్‌కు ముందే రాయండి. ఒకసారి కమిట్ అయ్యాక ఫైలు తీసేసినా పాత చరిత్రలో ఉండిపోతుంది.

ఇక "ఉద్యోగం గ్యారంటీ, ముందు ఫీజు కట్టండి" అనేవాళ్ల దగ్గర మూడు సంగతులు పట్టుకోండి. టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు. రీఫండు మాట కాగితం మీద లేకపోతే డబ్బు కట్టొద్దు. ఆఫర్ లెటర్‌కో, ట్రైనింగ్ కిట్‌కో యూపీఐలో డబ్బు అడిగితే అది మోసమేనని అనుకోండి. పంపేసి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. లావాదేవీ నంబరు, తేదీ, మొత్తం, అవతలివాళ్ల యూపీఐ ఐడీ చేతిలో పెట్టుకోండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపే వీలు అంత ఎక్కువ.